ఆకాశమునుండి తొలి దూకుడు: భయమెంత, భద్రత ఎంత?

కొద్దికాలము క్రిందట నేను నంద్యాల జిల్లాలోని అవుకునకు పోయి, మా మేనత్తగారి ఇంట రెండు దినములుంటిని. అవుకు పేరు చెప్పగానే ఆ ప్రాంతమువారికి రెండు సంగతులు తోచును. ఒకటి, అచ్చటి గనులలో తీయు నాపరాయి. రెండవది, శ్రీశైలము నీటిని గండికోట దిక్కునకు నడిపించు మార్గములో, కొండల నడుమ నిలిచియున్న జలాశయము. సాయంకాలము జలాశయపు కట్టమీదికి షికారు పోయినప్పుడు మా అత్త తన సెల్‌ఫోనును నా చేతికిచ్చి ఒక బొమ్మను చూపెను. అందులో ఇద్దరు మనుష్యులు ఒకరి వీపున ఒకరు కట్టబడి, మేఘములకు పైన, చేతులు చాచుకొని క్రిందికి పడుచున్నారు. ఆస్ట్రేలియాలో ఉద్యోగము చేయుచున్న ఆమె మనుమడు ఆ బొమ్మను పంపి, రాబోవు ఆదివారమున తానును అట్లే దూకబోవుచున్నానని వ్రాసినాడు.

"నువ్వు రేడియోలో ఊరందరికీ అన్నీ చెప్తావు గదా నాయనా! ఆకాశంలోంచి దూకితే బతికేదెంతమంది, పొయ్యేదెంతమంది? నన్ను మభ్యపెట్టొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు" అని ఆమె అడిగినది.

ఆమె భయము అకారణమైనది కాదు. మేము నిలిచియున్న ఆ జలాశయములోనే 2023 మే నెలలో ఒక విహారపు పడవ మునిగి ప్రాణనష్టము జరిగినది. పొరుగున ఉన్న కోయిలకుంట్లనుండి సంతోషముగా కాలము గడుపుటకు వచ్చిన కుటుంబము దుఃఖముతో మరలిపోయినది. నాటినుండి విహారము, సాహసము అను మాటలు వినగానే ఆమెకు మొదట జ్ఞాపకము వచ్చునది ఆ నీరే.

"ఏమీ కాదులే అత్తా" అనుట సులభము. "వద్దని చెప్పు" అనుట అంతకంటె సులభము. కాని ఈ రెండును ఆమె ప్రశ్నకు సమాధానములు కావు. నేడు మన తెలుగు కుటుంబములలో పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దుబాయి మొదలగు చోట్ల ఉన్నారు. అచ్చట ఈ దూకుడు సెలవుదినపు వినోదములలో ఒకటి. కనుక ఈ ప్రశ్న ఒక్క అవుకులోనే కాక అనేక గృహములలో పుట్టుచునే యుండును. అందుచేత నేను తెలిసికొన్న సంగతులను ఇచ్చట విన్నవించుచున్నాను.

మొదట ఈ దూకుడు ఎట్లు జరుగునో చూతము. దీనిని టాండెం స్కైడైవింగు అందురు. జంట దూకుడు అని మనము చెప్పుకొనవచ్చును. తొలిసారి దూకువాడు తానై పారాషూటును నడుపడు. అతని ఒంటికి బలమైన పట్టీల కూర్పును తొడిగి, దానిని రెండు భుజములవద్దను, రెండు నడుము ప్రక్కలను, మొత్తము నాలుగు కొక్కెములతో శిక్షకుని పట్టీలకు తగిలింతురు. పారాషూటులు రెండును శిక్షకుని వీపుననున్న సంచిలోనే యుండును. ఒకటి ప్రధానమైనది, రెండవది ఆపత్కాలమునకు. విమానము సామాన్యముగా పది వేలనుండి పదమూడు వేల అడుగుల యెత్తునకు పోవును. పదమూడు వేల అడుగులనగా దాదాపు నాలుగు కిలోమీటర్లు. అచ్చటినుండి ఇద్దరును కలిసి దూకుదురు.

ముక్కాలు నిమిషమునుండి ఒక నిమిషమువరకు గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగముతో పడుదురు. భూమికి అయిదు వేల అడుగుల పైచిలుకు ఎత్తున శిక్షకుడు ప్రధానమైన పారాషూటును విప్పును. అటుపిమ్మట అయిదారు నిమిషములు మెల్లగా తేలుచు దిగుదురు. పడునప్పుడు ఊపిరి ఆడదని పలువురు భయపడుదురు గాని అది నిజము కాదు. గాలి హోరు ఎక్కువగా నుండునేకాని శ్వాసకు ఆటంకముండదు.

ఇందులో ఒక చిక్కు కలదు. ఒక్క మనిషి పడు వేగము వేరు, ఇద్దరి బరువు కలిసి పడు వేగము వేరు. ఇద్దరు కలిసి ఊరక పడినచో వేగము గంటకు 270 కిలోమీటర్లు దాటగలదు. అంత వేగమున పారాషూటు విచ్చుకొన్నయెడల గుడ్డకును, త్రాళ్లకును, మనుష్యుల దేహములకును తట్టుకొనరాని కుదుపు కలుగును. ఇందుకు విరుగుడుగా శిక్షకుడు దూకిన కొద్ది సెకన్లలోనే డ్రోగ్ అనబడు ఒక చిన్న గొడుగును వెనుకకు విసరును. అది ఎద్దుబండికి వెనుక కట్టిన బరువువలె ఇద్దరిని వెనుకకు లాగుచు, వేగమును ఒంటరి మనిషి వేగమునకు తగ్గించును. తరువాత పెద్ద పారాషూటును సంచినుండి బయటికి లాగునదియు ఈ చిన్న గొడుగే. అందుచేత జంట దూకుడునకు డ్రోగ్ ప్రాణమువంటిది.

అమెరికాలో టెడ్ స్ట్రాంగ్, బిల్ బూత్ అను ఇద్దరు పారాషూటు నిర్మాతలు 1980ల తొలి సంవత్సరములలో ఈ పద్ధతిని రూపొందించిరి. అచ్చటి ప్రభుత్వ విమానశాఖ 1984లో దీనిని ప్రయోగరూపమున అనుమతించి, అనేక సంవత్సరముల అనుభవము చూచిన పిమ్మట 2001లో నిబంధనలలో చేర్చినది. ఆ దేశపు మాజీ అధ్యక్షుడు పెద్ద జార్జి బుష్ 1944లో యుద్ధకాలమున మండుచున్న విమానమునుండి దూకి ప్రాణము దక్కించుకొన్నవాడు. ఆయనయే తన 85వ జన్మదినమున 2009లోను, 90వ జన్మదినమున 2014లోను ఈ జంట పద్ధతిని దూకెను. ముసలితనమే అడ్డు కాదని ఇందువలన తెలియును. కాని ఆయనవెంట ఆరితేరిన శిక్షకులున్నారనియు మరువరాదు.

ఇక మా అత్త ప్రశ్నకు వత్తము. పోవునది ఎందరు?

అమెరికాలోని పారాషూటు సంఘము ఏటేట ఈ లెక్కలను ప్రకటించుచున్నది. 1970లలో ఆ దేశమున స్కైడైవింగు వలన సగటున ఏటికి నలువదిమందికి పైగా మరణించుచుండిరి. 2024లో దాదాపు 39 లక్షల దూకుళ్లు జరుగగా తొమ్మిదిమంది మరణించిరి. ఆ తొమ్మిదియు అన్ని రకముల దూకుళ్లకు చేరిన సంఖ్య. జంట దూకుళ్లలో తొలిసారి దూకువారిని మాత్రమే లెక్కించినచో, గడచిన దశాబ్దపు సగటున అయిదు లక్షల దూకుళ్లకు ఒకరు చొప్పున మరణించినట్లు ఆ సంఘము చెప్పుచున్నది.

అయిదు లక్షలనగా ఎంత? 2011 జనాభా లెక్కలలో నంద్యాల పట్టణ జనాభా రెండు లక్షలకు కొంచెము పైన. అటువంటి పట్టణములు రెండున్నరలోని ఆబాలవృద్ధులు ఒక్కొక్కసారి దూకినచో, వారిలో ఒక్కరికి ప్రాణాపాయము సంభవింపవచ్చునన్నమాట. ఇది స్వల్పమైన అపాయమే. కాని సున్న కాదు. ఆ ఒక్కరి ఇంటివారికి తక్కిన నాలుగు లక్షల తొంబదితొమ్మిది వేల తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమంది క్షేమము ఓదార్పు కాజాలదు. అందుచేత ఈ అంకెను విని సంతోషించి ఊరకుండక, ఇంత తక్కువ ఎట్లయినది అని విచారింపవలెను. అసలు తెలివి అచ్చటనే యున్నది.

తగ్గుటకు కారణములు నాలుగు. మొదటిది పరికరముల అభివృద్ధి. పూర్వపు గుండ్రని గొడుగుల స్థానమున నేడు దీర్ఘచతురస్రాకారపు రెక్కవంటి పారాషూటులు వచ్చినవి. వీనిని కోరిన దిక్కునకు త్రిప్పవచ్చును, నేల తాకునప్పుడు వేగమును తగ్గించుకొనవచ్చును. రెండవది, ప్రధాన పారాషూటు చిక్కుపడినచో దానిని క్షణములో వదలించుకొని రెండవదానిని విప్పుకొను ఏర్పాటు. మూడవది, శిక్షకుడు స్పృహ తప్పినను, ఏ పిడిని లాగలేకపోయినను, రెండవ పారాషూటును తానై విప్పు చిన్న యంత్రము. 1991లో జర్మనీలో వెలువడిన సైప్రెస్ అను యంత్రము వీనిలో ప్రసిద్ధమైనది. జంట దూకుడులో సుమారు 1,900 అడుగుల యెత్తున ఇంకను మహావేగముతో పడుచున్నట్లు గుర్తించినచో అది పని చేయును. ఆ యెత్తునుండి ఆ వేగమున నేలను తాకుటకు పట్టుకాలము పది సెకన్లు. నాలుగవది, మిగిలిన మూటికంటె ముఖ్యమైనది, శిక్షణయు తనిఖీయు. అమెరికా సంఘపు నియమము ప్రకారము జంట శిక్షకుడు కాగోరువాడు కనీసము మూడేండ్ల అనుభవమును, 500 దూకుళ్లను, వైద్యపరీక్షా పత్రమును కలిగియుండవలెను. అత్యవసర పారాషూటును అర్హత పొందిన నిపుణుడే 180 దినములకొకసారి విప్పి, చూచి, మరల మడువవలెను.

ఇంకొక సంగతి విచిత్రముగా తోచును. ఆ దేశమున స్కైడైవింగు మరణములలో చాలభాగము తొలిసారి దూకువారివి కావు. ఆరితేరినవారు చిన్నవియు మహావేగము గలవియునైన పారాషూటులతో, నేలకు సమీపమున విన్యాసములు చేయుచు మరణించుచున్నారు. పారాషూటు చక్కగా విచ్చుకొన్న తరువాతనే అవి జరుగుచున్నవి. భయపడువాడు చెప్పినట్లు చేయును. భయము పోయినవాడు కొత్తదారులు వెదకును.

పై అంకె ఆకాశమునకు చెందినది కాదు, ఆ కట్టుబాటునకు చెందినది. కట్టుబాటు సడలినచోట అంకెయు మారును. ఇందుకు దృష్టాంతములున్నవి. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లోడై అను చోట తొలిసారి దూకిన పదునెనిమిదేండ్ల యువకుడును, అతని శిక్షకుడును మరణించిరి. విచారణలో ఆ శిక్షకునికి చెల్లుబాటగు అర్హతాపత్రము లేదని తేలినది. అతనికి తర్ఫీదునిచ్చిన వ్యక్తి, తన అధికారము రద్దయియున్న కాలమున పత్రములు జారీచేసి మోసగించినాడని 2024లో న్యాయస్థానమున నేరము రుజువైనది. పారాషూటు గుడ్డలో కాక, కాగితములో మొదలైన ప్రమాదమది.

మన తెలుగువారికి మరింత దగ్గరి సంఘటన 2024 ఫిబ్రవరిలో జరిగినది. తెలంగాణమునుండి హిమాచల ప్రదేశమునకు విహారమునకు పోయిన ఒక యువతి కులూ ప్రాంతమున పారాగ్లైడింగు చేయుచు పడి మరణించినది. అది విమానమునుండి దూకుట కాదు, కొండవాలునుండి పారాషూటుతో ఎగురుట. కాని అదియు జంటపద్ధతియే, ముందు కొత్తవారు, వెనుక నడుపువాడు. భద్రతాపట్టీని సరిగా చూచుకొనకపోవుటయే కారణమని అధికారులు ప్రాథమికముగా తేల్చి, నడుపువానిని అరెస్టు చేసిరి. ఆ ఒక్క పట్టీని చేతితో లాగి చూచుటకు ఎంతకాలము పట్టును? రెండు సెకన్లు.

దీనికి భిన్నమైనది విశాఖపట్టణములో జరిగినది. 2025 జనవరి 2వ తేదీన సముద్రతీరమున నౌకాదళ విన్యాసముల సన్నాహము జరుగుచుండగా ఇద్దరి పారాషూటులు గాలిలో ఒకదానికొకటి చిక్కుకొన్నవి. వేలకొలది ప్రజలు చూచుచుండగా వారు సముద్రములో పడిరి. వెంటనే రక్షణ పడవలు చేరి వారిని కాపాడినవి. శిక్షణ పొందినవారికిని పొరపాటు తప్పలేదు. ఐనను క్రింద పడవలు సిద్ధముగా నుండుటచేత అది విషాదము కాలేదు. పొరపాటు జరుగదని నమ్మి చేయు ఏర్పాటు ఏర్పాటే కాదు. జరిగినచో ఏమి చేయవలెనని ముందుగా తలచినదే భద్రత.

మరి అపాయములు ఎచ్చటెచ్చట పొంచియుండును? దూకుడును గూర్చి తలచువారు విమానమును మరచిపోవుదురు. 2019 జూన్ 21వ తేదీన హవాయి ద్వీపములలో స్కైడైవింగు విమానము నేలనుండి లేచుచునే కూలి, అందులోని పదునొకండుగురును మరణించిరి. ఎవరును దూకకముందే జరిగినది. కనుక విమానమును, దానిని నడుపువానిని గూర్చియు విచారింపవలసినదే.

రెండవది గాలి. ఆకాశము నిర్మలముగా కనబడినను నేలమీద ఈదర ఎక్కువగా నున్నచో దిగుట కష్టము. మంచి సంస్థలు గాలి మితిమీరినచో గంటలకొలది వేచియుండును, లేక ఆనాటికి మానుకొనును.

మూడవది దిగుట. మరణములు అరుదు. కాని చీలమండ బెణుకుట, కాలి ఎముక విరుగుట, నడుము పట్టుకొనుట అంత అరుదు కావు. ఇవి ఎక్కువగా కొత్తవాడు చివరి క్షణమున కాళ్లు క్రిందికి చాపుటవలన జరుగును. నేల దగ్గరపడగానే నిలుచుండవలెనని కాళ్లు తమంతట తామే చాచుకొనును. అది మనిషి స్వభావము. శిక్షకుడు చెప్పగానే మోకాళ్లను పైకెత్తి, పాదములను ముందుకు చాచి పట్టుకొనవలెను. కూర్చున్నట్లు జారుచు దిగుటయే క్షేమము. అట్లే దూకునప్పుడు తల వెనుకకు, నడుము ముందుకు, కాళ్లు వెనుకకు మడిచి, దేహమును విల్లువలె వంచవలెను. భయముచే శిక్షకుని చేతులను పట్టుకొనుట మిక్కిలి ప్రమాదకరము. ఆ చేతులే ఇద్దరి ప్రాణములను కాపాడవలసినవి.

నాలుగవది మన దేహమే. గుండెజబ్బు, మూర్ఛరోగము, వెన్నునొప్పి గలవారు వైద్యుని అడుగక దూకరాదు. గర్భిణులు అసలే దూకరాదు. జలుబుతో నున్నవారు దీనిని అల్పముగా తలతురు. కాని నాలుగు కిలోమీటర్ల యెత్తునుండి కొద్ది నిమిషములలో దిగునప్పుడు గాలి ఒత్తిడి త్వరగా మారును. ముక్కు, చెవి మార్గములు మూసుకొనియున్నచో విపరీతమైన నొప్పి కలుగును, ఒక్కొక్కప్పుడు కర్ణభేరికి దెబ్బ తగులును. బరువునకును పరిమితి కలదు. పలుచోట్ల సుమారు నూరు కిలోలు దాటినవారిని నిరాకరింతురు. దానిని దాచి తక్కువ చెప్పుట తన్ను తాను మోసగించుకొనుటయే. మద్యము సేవించినవారిని విమానము దగ్గరకు రానీయరాదు.

మన దేశమున స్కైడైవింగు ఇంకను బాల్యదశలోనే యున్నది. కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో జాతీయ వాయుక్రీడల విధానమును ప్రకటించి, స్కైడైవింగు, పారాగ్లైడింగు మొదలగువానికి భద్రతా ప్రమాణములు ఏర్పరచు మార్గమును చూపినది. విధానము కాగితమున నున్నంతమాత్రమున పట్టీ బిగియదు. దూకువాడును, వాని ఇంటివారును అడుగుట నేర్చుకొనవలెను.

అత్తకు నేను వ్రాసి యిచ్చిన ప్రశ్నలు ఇవి. శిక్షకునికి జంట దూకుడు అర్హతాపత్రము నేటికిని చెల్లుచున్నదా? ఇప్పటివరకు ఎన్నిసార్లు దూకినాడు? అత్యవసర పారాషూటును కడపటిసారి ఎవరు, ఎన్నడు మడిచిరి? తానై విప్పు యంత్రము ఉన్నదా? గాలి ఎంత మించినచో దూకుడు మానుదురు? నేలమీద శిక్షణ ఎంతసేపు ఇత్తురు? చివరిది, ఎక్కుటకు ముందును, దూకుటకు ముందును నాలుగు కొక్కెములను నాకు చూపి తనిఖీ చేయుదురా? వీనికి చిరాకు పడక జవాబు చెప్పినవాడు నమ్మదగినవాడు. "అవన్నీ మేము చూచుకొందుము లెండి" అన్నవాని దగ్గర డబ్బు కట్టక మరలి వచ్చుట మేలు. సంతకము పెట్టమని ఇచ్చు కాగితమును చదువకుండ సంతకము చేయరాదు. ప్రమాదము జరిగినచో బాధ్యత ఎవరిదో అందులో వ్రాసియుండును.

అత్త ఆ ప్రశ్నలను ఫోనులో మనుమనికి ఒక్కొక్కటిగా చదివి వినిపించినది. మొదట అతడు నవ్వినాడట. తరువాత, జేజి మాట తీసివేయలేక, పోయి అడిగినాడు. అన్నిటికిని వారు ఓపికతో జవాబు చెప్పిరి. పిమ్మట వారును అతనిని కొన్ని ప్రశ్నలడిగిరి. జలుబుగా నున్నదని తెలియగానే, కట్టిన డబ్బు పోదనియు, రెండు వారములు ఆగి రమ్మనియు చెప్పి పంపివేసిరి.

ఆ రాత్రి అత్త నాకు ఫోను చేసినది. "చేతికొచ్చిన బేరం పోతాదని కూడా చూడకుండా వద్దన్నారంట నాయనా. అట్లా వద్దనే వాళ్ల దగ్గరికైతే పిల్లోణ్ని పంపిచ్చొచ్చు" అన్నది.

ఇన్ని సంగతులు సేకరించిన నేను చెప్పలేకపోయిన ముక్కను ఆమె ఒక్క మాటలో చెప్పినది. పడవ కానిండు, పారాషూటు కానిండు, జాతరలోని రంగులరాట్నము కానిండు, వద్దనగలిగినవాడు ఉన్నచోటనే సరే యనుటకు విలువ కలదు.

రెండు వారముల తరువాత అతడు దూకినాడు. క్షేమముగా దిగి జేజికి ఫోను చేసినాడు. ఆకాశము ఎట్లున్నదని ఆమె అడుగలేదు. "కాళ్లు పైకెత్తినావా లేదా?" అని అడిగినది.